సీసీఎన్ఏ చదువుతున్న చిన్నికి బాబాయ్ రాసేది: పింగ్ పోకపోతే ఏం చెయ్యాలి

చిన్నీ,

సీసీఎన్ఏ (సిస్కో వాళ్ళ నెట్‌వర్కింగ్ పరీక్ష) మొదలెట్టావంట, వీడియోలన్నీ చూసేశావు గానీ ల్యాబ్‌లో పింగ్ (అవతలి మెషీన్ పలుకుద్దా అని పంపే పలకరింపు) పోకపోతే కంగారెత్తిపోతున్నావని మీ నాన్న చెప్పాడు. ఫోన్లో చెప్తే ఊఁ ఊఁ అని పెట్టేస్తావు, అందుకని రాస్తున్నా. పక్కన ప్యాకెట్ ట్రేసర్ (కంప్యూటర్లోనే నెట్‌వర్క్ కట్టి చూసే సిస్కో సాఫ్ట్‌వేర్) తెరిచి పెట్టుకుని చదువు.

సీసీఎన్ఏ పరీక్ష (దాని నంబర్ 200-301) రెండు గంటలు. అందులో ఐపీ కనెక్టివిటీకి 25 శాతం, నెట్‌వర్క్ యాక్సెస్‌కి 20 శాతం, అంటే రూట్లూ స్విచ్చులూ కలిపితేనే సగానికి దగ్గరగా వచ్చేద్ది. ఆటోమేషన్‌కి 10 శాతమే, ఇప్పట్నుంచీ దాని మీద రాత్రిళ్ళు కూర్చోకు, చివర్లో చూసుకోవచ్చు.

అసలు సంగతికొస్తా. మీ వయసు పిల్లలందరూ చేసేదేంటంటే, పింగ్ పోలేదు అనగానే కాన్ఫిగ్ మోడ్ (సెట్టింగులు మార్చే చోటు)లోకి దూకేసి ఏదో ఒకటి కొట్టేస్తారు, అది పనిచెయ్యకపోతే ఇంకోటి, చివరికి మొదట ఉన్న తప్పు ఏదో, మనం పెట్టిన తప్పు ఏదో తెలియకుండా పోద్ది. ప్యాకెట్ ఎక్కడిదాకా వెళ్ళింది, ఎక్కడ ఆగిపోయింది అన్నది తేలేదాకా నీ చెయ్యి షో కమాండ్లు (ఏమీ మార్చకుండా ఉన్నది చూపించేవి) దాటకూడదు. కమాండ్ కొట్టే ముందు ఏం కనపడాలో నోటితో అనుకో, అనుకున్నదీ కనపడిందీ వేరుగా ఉన్న చోటే రోగం.

స్విచ్ దగ్గరైతే మొదటిది షో ఇంటర్‌ఫేసెస్ స్టేటస్. కనెక్టెడ్ అంటే సరే. నాట్ కనెక్ట్ అంటే కేబులో, అవతలి మెషీన్ ఆపేసి ఉందో చూసుకోవాలి. డిజేబుల్డ్ అంటే ఎవరో షట్‌డౌన్ కొట్టారు. ఎర్ డిజేబుల్డ్ అంటే స్విచ్చే అలిగి మూసేసింది, దీనికి మాత్రం ఊరికే షట్, నో షట్ కొట్టి వెళ్ళిపోకు, కారణం వెతుకు. మా భీమవరం వైపు ఒక రొయ్యల ప్లాంటులో తూకం దగ్గర కంప్యూటర్ రోజూ పొద్దున్నే పోయేది, వాళ్ళ కుర్రాడు రోజూ షట్, నో షట్ కొట్టి బాగుచేశాననేవాడు. వెళ్ళి చూస్తే బల్ల కింద ఎవరో చిన్న స్విచ్చొకటి తగిలించి రెండో కంప్యూటర్ పెట్టుకున్నారు, ఆ పోర్టుకేమో పోర్ట్ సెక్యూరిటీ ఒక్క మ్యాక్‌కే (మెషీన్ సొంత అడ్రస్) ఉంది, రెండో మెషీన్ ఆన్ చెయ్యగానే పోర్టు మూసుకుపోతాది. షో పోర్ట్ సెక్యూరిటీ ఇంటర్‌ఫేస్ అని కొడితే ఆఖరిగా వచ్చిన మ్యాక్ అడ్రస్‌తో సహా కనపడుద్ది. ఇంకో సంగతి, మన వైపు ఉప్పుగాలికీ ఐసు తడికీ ఆర్‌జే 45 పిన్నులకి చిలుము పట్టేస్తాది, ప్యాకెట్ ట్రేసర్‌లో ఇది రాదు గానీ ఉద్యోగంలో చేరాక కాన్ఫిగ్ అంతా సరిగ్గా ఉండి లైను మాత్రం వస్తా పోతా ఉంటే ముందు కేబులు పీకి మొన చూడు.

లింక్ పైకొచ్చి ఉండి నెమ్మదిగా ఉంటే డూప్లెక్స్ (రెండు వైపులా ఒకేసారి పంపుకుంటే ఫుల్, వంతులవారీగా అయితే హాఫ్) అనుమానించు. ఒక వైపు 100 ఫుల్ అని చేత్తో పెట్టేసి రెండో వైపు ఆటోలో వదిలేస్తే, ఆటో వైపు స్పీడ్ కనిపెడుద్ది గానీ డూప్లెక్స్ మాత్రం హాఫ్‌కి పడిపోద్ది. పింగ్ బాగానే పోతాది, పెద్ద ఫైలు పంపితే ఏడుస్తాది. హాఫ్ వైపు లేట్ కొలిజన్లు (ఆలస్యంగా ఢీకొన్నవి), ఫుల్ వైపు సీఆర్‌సీ ఎర్రర్లు (పాడైపోయి వచ్చినవి) పెరుగుతా ఉంటాయి, పరీక్షలో ఈ రెండు అంకెలూ చూపించి కారణం అడుగుతారు.

తర్వాత వీలాన్, అంటే ఒకే స్విచ్‌ని విడివిడి నెట్‌వర్క్‌లుగా చీల్చడం. షో వీలాన్ బ్రీఫ్ కొడితే నీ పోర్టు ఏ వీలాన్‌లో ఉందో తెలిసిపోద్ది. అసలు ఎక్కడా కనపడకపోతే ఎక్కువగా రెండు కారణాలు, అది ట్రంక్ (చాలా వీలాన్లని కలిపి మోసే లైను) అయినా అయ్యుండాలి, లేకపోతే దానికిచ్చిన వీలాన్‌ని ఎవరో డిలీట్ చేసేసుండాలి. ట్రంక్ అయితే షో ఇంటర్‌ఫేసెస్ ట్రంక్, ఇది రెండు స్విచ్చుల్లోనూ కొట్టాలి, ఒక వైపే చూసి నమ్మకు. రెండు వైపులా డైనమిక్ ఆటో (అవతలోడు అడిగితేనే ట్రంక్ అయ్యే సెట్టింగ్) అంటే ఎవరికి వాళ్ళు నువ్వు ముందంటే నువ్వు ముందని కూర్చుంటారు, ట్రంక్ ఎప్పటికీ కాదు. ఇంక అన్నిటికన్నా ప్రమాదం అలవ్డ్ వీలాన్ లిస్టు: 10, 20 ఉన్న ట్రంక్ మీద 30 కలపాలని స్విచ్‌పోర్ట్ ట్రంక్ అలవ్డ్ వీలాన్ 30 అని కొట్టావనుకో, 10, 20 ఎగిరిపోయి 30 ఒక్కటే మిగులుద్ది. మధ్యలో యాడ్ అన్న మాట ఉండాలమ్మా. ఆ ఒక్క మాట మర్చిపోయి ఆఫీసుకి ఆఫీసే ఆపేసినవాళ్ళు మా లైన్లో చాలామందే ఉన్నారు.

స్పానింగ్ ట్రీ (స్విచ్చుల మధ్య ట్రాఫిక్ గుండ్రంగా తిరక్కుండా ఆపేది) గురించి రూట్ బ్రిడ్జి (అందులో పెద్ద స్విచ్) ఎవరో చూసుకోవడం అలవాటు చేసుకో చాలు, మిగతాది పుస్తకంలో ఉంది. ప్రయారిటీ ఎవరూ మార్చకపోతే తక్కువ మ్యాక్ ఉన్నవాడే రూట్ అవుతాడు, మూలనున్న ముసలి స్విచ్చికే ఆ పెత్తనం పోతాది చాలాసార్లు.

ఇప్పుడు స్టాటిక్ రూట్లు, అంటే మనం చేత్తో రాసిపెట్టే దారులు. నువ్వు అడిగావంట కదా, నెక్స్ట్ హాప్ (తర్వాతి రూటర్ ఐపీ) ఇవ్వాలా, ఎగ్జిట్ ఇంటర్‌ఫేస్ (మన రూటర్‌లో బయటికెళ్ళే పోర్టు) ఇవ్వాలా అని. రెండు రూటర్ల మధ్య పాయింట్ టు పాయింట్ సీరియల్ లింకైతే ఇంటర్‌ఫేస్ ఒక్కటే ఇచ్చినా గొడవ లేదు. ఈథర్నెట్ మీద మాత్రం ఇంటర్‌ఫేస్ ఒక్కటే ఇవ్వకు, అలా ఇస్తే రూటర్ ప్రతి డెస్టినేషన్‌కీ ఏఆర్‌పీ (ఈ ఐపీ ఉన్నవాడి మ్యాక్ ఏంటి అనే ప్రశ్న) అడుగుద్ది, అవతలోడు ప్రాక్సీ ఏఆర్‌పీ (వేరేవాళ్ళ తరఫున జవాబు) చేస్తే పనిచేస్తాది, లేకపోతే లేదు. నెక్స్ట్ హాప్ ఐపీ ఇవ్వు, వీలైతే ఇంటర్‌ఫేసూ ఐపీ రెండూ ఇచ్చెయ్.

ఏ రూటు ఎంచుకుంటాదో చెప్పేటప్పుడు వరస తప్పొద్దు. ముందు చూసేది పొడుగు మాస్కు (/16 కన్నా /24 పొడుగు), ఒకే ప్రిఫిక్స్‌కి (అదే నెట్‌వర్కు, అదే మాస్కు) ఇద్దరు పోటీ పడితేనే అడ్మినిస్ట్రేటివ్ డిస్టెన్స్ (దారికిచ్చే అంకె, తక్కువున్నదే గెలుస్తాది). స్టాటిక్‌కి 1, ఓఎస్‌పీఎఫ్‌కి (రూటర్లు తమలో తాము దారులు చెప్పుకునే పద్ధతి) 110 కాబట్టి ఎప్పుడూ స్టాటిక్కే గెలుస్తాదని రాసేస్తారు, తప్పు. 10.1.0.0/16 స్టాటిక్, 10.1.5.0/24 ఓఎస్‌పీఎఫ్ నుంచి వచ్చింది, ప్యాకెట్ 10.1.5.9కి వెళ్ళాలి, ఎటు పోతాది? ఓఎస్‌పీఎఫ్ వైపే. ఇది నువ్వే ల్యాబ్‌లో కట్టి చూడు, చదివితే గుర్తుండదు.

ఎక్కడ స్టాటిక్ పెట్టాలంటే, బయటికి ఒకటే దారి ఉన్న చోట. పాలకొల్లులో చిన్న బ్రాంచి, భీమవరంలో హెడ్డాఫీసు అనుకో, బ్రాంచి రూటర్‌లో డిఫాల్ట్ రూట్ (వేరే దారి తెలియనివన్నీ ఇటే అనేది) ఒక్కటి చాలు, హెడ్డాఫీసులో బ్రాంచి నెట్‌వర్క్‌కి ఒక స్టాటిక్. ఈ రెండోది మర్చిపోతే ప్యాకెట్ వెళ్తాది, జవాబు రాదు, నువ్వేమో బ్రాంచి రూటర్ దగ్గరే కూర్చుని తల బాదుకుంటావు. పింగ్ పోలేదంటే సగం సార్లు తిరుగుదారే ఉండదు, అవతలి రూటర్‌లో షో ఐపీ రూట్ కొట్టడానికి బద్ధకించకు.

బ్యాకప్ కావాలంటే ఫ్లోటింగ్ స్టాటిక్, అంటే డిస్టెన్స్ ఎక్కువిచ్చి పక్కన ఉంచే స్టాటిక్. మన దగ్గర రోడ్డు పక్కన జేసీబీ దిగిందంటే ఫైబర్ తెగుద్ది, పక్కన 4జీ రూటర్ ఉంటాది. అసలు రూటు స్టాటిక్ అయితే బ్యాకప్‌కి 5 ఇచ్చినా చాలు, అసలుది ఓఎస్‌పీఎఫ్ అయితే 110 కన్నా ఎక్కువ ఇవ్వాలి, తక్కువిస్తే బ్యాకప్పే అసలుదై కూర్చుంటాది. ఇక్కడొక మెలిక ఉంది. నీ ఇంటర్‌ఫేస్ పడిపోతేనే ఆ స్టాటిక్ టేబుల్ లోంచి పోతాది. మధ్యలో ఒక స్విచ్ ఉండి దాని అవతల లైన్ చచ్చిపోతే నీ ఇంటర్‌ఫేస్ పచ్చగానే వెలుగుతా ఉంటాది, రూటు అలాగే ఉంటాది, బ్యాకప్ లేవదు. పైన కాలవ లాకు మూసేస్తే మన గట్టు ఎంత బాగుండి ఏం లాభం, చేలోకి నీళ్ళు రావు కదా, అలాగన్నమాట. దానికి ఐపీ ఎస్ఎల్ఏతో (అవతలి చివర బతికుందా అని పదే పదే చూసేది) ట్రాకింగ్ పెడతారు, ఉద్యోగంలో కావాలి, ఇప్పటికి ఎందుకో తెలిస్తే చాలు.

పింగ్‌లో ఐదింటికి మొదటిది చుక్క, మిగతా నాలుగూ వచ్చాయంటే భయపడకు, ఏఆర్‌పీకి పట్టిన టైం అది, మళ్ళీ కొడితే ఐదూ వస్తాయి.

ల్యాబ్ పూర్తయ్యాక సేవ్ చేసి మీ తమ్ముడికియ్యి, వాడికి నెట్‌వర్కింగ్ రాకపోయినా పర్లేదు, ఒక కేబులు మార్చమను, ఒక మాస్కు పాడుచెయ్యమను, నీకు చెప్పొద్దను. నువ్వు కట్టిన ల్యాబ్‌లో తప్పు నీకు ముందే తెలుసు కాబట్టి దాన్ని బాగుచేస్తే ఏం వచ్చినట్టు కాదు. పరీక్షలో ఒక ప్రశ్న దాటితే వెనక్కి వెళ్ళనివ్వరు, ల్యాబ్ ప్రశ్న వస్తే కంగారులో నెక్స్ట్ నొక్కెయ్యకు, అక్కడ కాన్ఫిగ్ సేవ్ చెయ్యమని రాసుంటే అది కూడా చెయ్యి.

సంక్రాంతికి ఎలాగూ వస్తావు కదా, లాప్‌టాప్ తెచ్చుకో, నాలుగు ల్యాబ్‌లు పాడుచేసి ఉంచుతా.

మీ బాబాయ్