బయటే ఉండే గుర్రప్పిల్లలకు చలికాలంలో దుప్పటి కప్పాలా?

మీ గుర్రప్పిల్లలు రెండూ ఏడాదిన్నర వయసువి, ఒకటి కాస్త సన్నగా ఉంది, రాత్రింబవళ్లూ బయటే ఉంటాయి, రాత్రిపూట ఉష్ణోగ్రత సున్నా దాకా పడుతోంది, దుప్పటి కప్పాలా అని అడిగారు. ఒళ్లు నిండుగా ఉండి, బొచ్చు బాగా పట్టి, గాలివానకు తలదాచుకునే చోటుంటే అక్కర్లేదండీ. ఒక చలికాలమంతా అనవసరంగా తంటాలు పడ్డాక నాకు తెలిసొచ్చిన సంగతి ఇది.

అప్పట్లో నా దగ్గరా ఆ వయసువే రెండుండేవి. రెండు రగ్గులు కప్పుకున్నా నాకు చలి ఆగేది కాదు, ఇక వాటి సంగతి తల్చుకుంటే నిద్ర పట్టేది కాదు. చదరపు మీటరుకు 200 గ్రాముల ఫిల్లింగ్ ఉన్న వాటర్‌ప్రూఫ్ దుప్పట్లు కొని రెండింటికీ కప్పేశాను. వారం తిరక్కుండానే ఒకదాని దుప్పటి ఇంకొకటి పళ్లతో పట్టి లాగడం ఆట అయిపోయింది. ఒక రోజు పొద్దున్నే వెళ్లి చూస్తే పొట్ట కింది పట్టీ సాగి వేలాడుతోంది, పిల్ల వెనక కాలు అందులో ఇరుక్కుపోయి ఉంది. పడుకుని లేవబోతూ దూర్చేసుకున్నట్టుంది. అదృష్టం కొద్దీ బెదరకుండా మూడు కాళ్ల మీద నిలబడింది. పట్టీ కోసి కాలు తీశాను. ఆ తర్వాత నా చేతుల వణుకు తగ్గడానికే చాలాసేపు పట్టింది.

అదే రోజు మధ్యాహ్నం ఎండ కాసింది. రెండోదాని దుప్పటి కిందకి చెయ్యి పోనిస్తే ముందుకాలి వెనకంతా చెమటతో తడితడిగా ఉంది. పైగా పెరిగే పిల్లలు కదా, రెండు నెలలకే కొన్న సైజు చాలక భుజాల దగ్గర బొచ్చు అరిగి నున్నగా అయిపోయింది.

గుర్రం చలి లెక్క మన లెక్క కాదు. బొచ్చు పట్టిన పెద్ద గుర్రం ఒళ్లు పొడిగా ఉండి గాలి కొట్టకపోతే మైనస్ 5, ఒక్కోసారి మైనస్ 10 దాకా కూడా పెద్దగా ఇబ్బంది పడదు. పిల్లల ఒళ్లు చిన్నది, వేడి త్వరగా పోతుంది కాబట్టి వాటి హద్దు కొంచెం ముందే వస్తుంది. అయినా ఏడాది దాటినవాటికి సున్నా దగ్గర చలి పెద్ద గండం కాదు. (పుట్టి కొద్ది రోజులే అయిన పిల్లల సంగతి వేరు, వాటిని వీటితో కలపకండి.) చలికి వెంట్రుకలు నిక్కబొడుచుకుని మధ్యలో గాలిని పట్టి ఉంచుతాయి. పల్చటి దుప్పటి వేస్తే అవి అణిగిపోతాయి. ఉన్న వెచ్చదనం పోతుంది, దుప్పటి ఇచ్చేది అంతంతమాత్రం. మరుసటి ఏడాది దుప్పట్లు లేకుండా వదిలేసినప్పుడు ఒక ఉదయం వాటి వీపుల మీద మంచు తెల్లగా పేరుకుని ఉంది. చూడగానే ప్రాణం ఉసూరుమంది. వేళ్లు బొచ్చులోకి దూర్చి చూస్తే లోపల చర్మం పొడిగా, వెచ్చగా ఉంది. లోపలి వేడి బయటికి రావడం లేదు కాబట్టే పైన మంచు కరగలేదన్నమాట.

అసలు టెన్షన్ పడాల్సింది తడికి. వానకి బొచ్చు అతుక్కుపోతే సున్నాకి బాగా పైన ఉండగానే చలి పట్టుకుంటుంది, గాలి తోడైతే ఇక చెప్పక్కర్లేదు. నార్వేలో 23 గుర్రాలకి గుర్తులున్న పలకలు చూపించి, దుప్పటి కావాలో వద్దో ముక్కుతో తాకి చెప్పేలా నేర్పారు. 2016లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. వాతావరణం బాగుంటే వద్దన్నాయి, చలిగాలితో వాన పడుతుంటే కావాలన్నాయి. మనకంటే వాటికే బాగా తెలుసు!

అందుకే డబ్బు ఖర్చు పెట్టేటట్టయితే ముందు గాలి వచ్చే వైపు మూసి, ముందు భాగం వెడల్పుగా తెరిచి ఉన్న షెడ్డు వెయ్యండి. గుమ్మం ఇరుకైతే పెత్తనం చేసే గుర్రం రెండోదాన్ని వానలోనే నిలబెడుతుంది. చలి పెరిగిన రాత్రుళ్లు దాణా కాదు, ఎండుగడ్డి ఎక్కువ వెయ్యండి. పీచు పెద్దపేగులో పులిసేటప్పుడు వేడి పుడుతుంది, అదే వాటి కుంపటి. తొట్టిలో నీళ్లు గడ్డకట్టనివ్వకండి. ఎండు మేత తిని నీళ్లు తక్కువ తాగితే పేగులో మేత గట్టిపడి కడుపునొప్పి వస్తుంది.

వారానికోసారి పక్కటెముకల మీద చేత్తో నొక్కి చూడండి. కంటితో చూస్తే బొచ్చు మోసం చేస్తుంది. దుప్పట్లు మానేసిన ఏడాదే నా దాంట్లో ఒకటి పైకి బొద్దుగా కనిపించినా, తడిమితే ఎముకలు తగిలాయి. వానలో వణుకుతోంది కూడా. నట్టలు పట్టాయని తర్వాత తేలింది. దానికి మాత్రం ఒళ్లు ఆరబెట్టి దుప్పటి కప్పాను, తప్పలేదు.

మీ వాటిలోనూ ఒకటి సన్నగా ఉందన్నారు కదా, ముందు దాని లద్దె పరీక్ష చేయించండి. ఈలోగా వాన పడే రోజుల్లో దానికొక్కదానికే దుప్పటి వెయ్యండి. రోజుకోసారి పూర్తిగా తీసి మూపు, భుజాలు చూడండి. పొట్టకీ కింది పట్టీకీ మధ్య అరచెయ్యి వెడల్పంత సందు చాలు, అంతకంటే వదులుగా ఉంచొద్దు.