పారిస్‌లో భూమి కింద ఉన్న కాటకోంబ్స్‌కి అమ్మానాన్నల్ని తీసుకెళ్లొచ్చా?

కాటకోంబ్స్ అంటే లక్షల మంది ఎముకలు పేర్చి ఉంచిన సొరంగాలు. అన్ని ఎముకలు చూసి పెద్దవాళ్లు భయపడతారేమో అని మీకు అనుమానం రావచ్చు. మా అమ్మతో వెళ్లొచ్చిన అనుభవంతో చెప్తున్నా, భయం సంగతి తర్వాత, ముందు మోకాళ్ల సంగతి చూసుకోండి. దిగడానికి 131 మెట్లు, అవీ గుండ్రంగా తిరుగుతూ ఇరుగ్గా ఉంటాయి. కింద కిలోమీటరున్నర నడక, మళ్లీ పైకి 112 మెట్లు. లిఫ్ట్ లేదు, లోపల బాత్రూమ్ లేదు. ఎండాకాలంలో కూడా కింద 14 డిగ్రీలే, స్వెటర్ ఉండాల్సిందే. బయటికొచ్చే దారి వేరే వీధిలో ఉంటుంది కాబట్టి ఎవరైనా దిగకుండా ఆగిపోతే వాళ్లని అటువైపు ఉండమనండి.

వెళ్లే ముందు కథ కొంచెం చెప్పండి, లేకపోతే అదేదో దెయ్యాల కొంప అనుకుంటారు. అవి పాత సున్నపురాయి గనులు. ఊరి నడిబొడ్డున ఇన్నోసెంట్స్ శ్మశానం వందల ఏళ్లుగా పూడ్చి పూడ్చి నిండిపోయి, 1780లో ఆ బరువుకి పక్కింటి నేలమాళిగ గోడ కూలింది. దాంతో దాన్ని మూసేసి, 1785 చివర్లో ఎముకలు తీయడం మొదలుపెట్టి, రాత్రిళ్లు నల్లగుడ్డ కప్పిన బండ్లలో, వెంట ఫాదర్లు ప్రార్థనలు చదువుతుంటే ఈ గనులకి చేర్చారు. తర్వాత మిగతా శ్మశానాలవీ వచ్చాయి, మొత్తం దాదాపు 60 లక్షల మంది. మనం చూసే తొడ ఎముకలు, పుర్రెల గోడలు 1810 తర్వాత పేర్చినవి, వాటి వెనక అంతా కుప్పే.

అమ్మ ఒక్కచోటే ఆగిపోయింది. గోడల దగ్గర రాతి పలకల మీద ఏ శ్మశానం నుంచి, ఏ నెలలో, ఏ ఏడాది తెచ్చారో ఉంటుంది. నేను చదివి చెప్తుంటే "మరి వీళ్ల పేర్లో?" అంది. లేవమ్మా అన్నాను. కాసేపు చేతులు జోడించి నిలబడింది. మన దగ్గర మూడో రోజు అస్థికలు ఏరి నదిలో కలిపేస్తాం కదా, ఇన్ని ఎముకలు ఇన్నేళ్లు అలా ఉండిపోవడం ఆవిడకి చాలా బాధనిపించింది.

టికెట్ ఆన్‌లైన్‌లో ముందే తీసుకోండి. ఆ సాయంత్రం ఇంకేం ప్రోగ్రామ్ పెట్టుకోకండి, పెద్దవాళ్లు తిన్నగా రూముకొచ్చి తలస్నానం చేస్తామంటారు, మా అమ్మ అదే చేసింది.