కడప నుంచి పిల్లల్ని చెన్నై అక్వేరియానికి తీసుకుపోతే డబ్బు దండగా?

ప్రొద్దుటూరులో ఉంటామని, ఎనిమిదేళ్ల బాబు, ఐదేళ్ల పాప ఇంతవరకు సముద్రం చూడలేదని, అక్వేరియం కోసం చెన్నై దాకా పోవడం దండగేమోనని మీరు అడిగారు. మేం కడపలో ఉంటాం. పోయిన దసరా సెలవుల్లో నేను, మా ఆయన, తొమ్మిదేళ్ల మా పాప, మా అత్త కలిసి పోయొచ్చాం. నా మాటగా చెప్తున్నా, తప్పకుండా పోండి. కానీ మేం మొదట చేసిన పొరపాటు మీరు చేయొద్దు.

మేం చూసింది చెన్నైలో ఈస్ట్ కోస్ట్ రోడ్డు (ఈసీఆర్) మీద ఇంజంబాక్కం దగ్గరున్న వీజీపీ మెరైన్ కింగ్‌డమ్. ముంబై–చెన్నై లైన్లో రైళ్లున్నాయి కాబట్టి మనకు ప్రయాణం పెద్ద కష్టం కాదు. వైజాగ్ బీచ్ రోడ్డులో మత్స్యదర్శిని కూడా ఉంది, అది చిన్నది. సెలవులు ఎక్కువుంటే తిరుమల ఎక్స్‌ప్రెస్ ఎక్కి అటూ పోవచ్చు గానీ, చిన్నపిల్లలతో ఒక రాత్రంతా రైల్లో అంటే నేనైతే చెన్నైకే ఓటేస్తాను.

అక్వేరియం కంటే ముందు పిల్లలకు సముద్రం చూపించండి. మేం పొద్దున్నే నీలాంకరై ఒడ్డుకు పోయాం. మా అత్తకు డెబ్బై దాటాయి. తిరుపతికి ఎన్నిసార్లు పోయిందో లెక్క లేదు, సముద్రం మాత్రం అదే మొదటిసారి. చీర కుచ్చిళ్లు పైకి పట్టుకొని చాలాసేపు నిలబడి, "ఇన్ని నీళ్లుండి మనకు తాగేదానికి లేకపాయనే" అనింది. అనంతపురం, కడప మనుషులకు ఆ మాట ఎక్కడినుంచి వస్తుందో వేరే చెప్పక్కర్లేదు. పాప మాత్రం ఇసకలో ఎండ్రకాయల బొక్కల చుట్టూనే తిరిగింది. అక్కడ అలల లాగుడు ఎక్కువ, కాళ్లు తడుపుకోవడం వరకే రానివ్వండి.

ఇక మా పొరపాటు. లోపలికి పోగానే జనం తోసుకుంటున్నారు, మేమూ వాళ్ల వెంటే నడిచాం. ఫొటో తీయడం, ముందుకు పోవడం, మళ్లీ ఫొటో. నీళ్ల కింద సొరంగం వచ్చింది, తలమీద సొరచేప పోయింది, పాప అరిచింది, అంతే. ముప్పావు గంటలో చివరికొచ్చేశాం. "అయిపోయిందా మా?" అని పాప అడిగిన తీరుకు నాకు మనసు చివుక్కుమనింది. అంత దూరం వచ్చి ఆ బిడ్డ నిజంగా ఏం చూసిందని? బయటికి పోకుండా ఆగి, వెనక్కి నడిచాం. ఈసారి ఒక్కో తొట్టి దగ్గర పాప చాలనేంతవరకు కదలకూడదని అనుకున్నాం.

అప్పుడు కనపడినాయి అసలైనవి.

మొదట మోరే ఈల్. పామంత పొడుగు, రాళ్ల సందులోనుంచి తల మాత్రం బయట పెట్టి, నోరు తెరవడం, మూయడం, తెరవడం. ఇందాక పోయేటప్పుడు కరిచేదానికొస్తోందని పాప నా వెనక దాక్కునింది. ఈసారి ఐదు నిమిషాలు చూశాక, "అది ఊపిరి పీల్చుకుంటాంది మా" అని తనే చెప్పింది. నిజమే, ఆ చేప నోటితో నీళ్లు లోపలికి తోసుకొని మొప్పల మీదుగా పంపుతుంది. మనకు కోపంగా కనిపించేది దానికి శ్వాస. గొంతులో దానికి ఇంకో జత దవడలు కూడా ఉంటాయి, పట్టిన దాన్ని అవే లోపలికి లాక్కుంటాయి. ఇది చెప్పాక పాప అక్కడినుంచి కదిలితే ఒట్టు.

తర్వాత రే చేప. చాటంత వెడల్పు, అంచులు అలల్లాగా ఆడిస్తూ వచ్చి అద్దానికి పొట్ట ఆనించి నిలబడింది. తెల్లటి పొట్ట మీద రెండు కళ్లు, నవ్వుతున్న నోరు, అచ్చం పసిబిడ్డ మొహం. అవి కళ్లు కావు, ముక్కు రంధ్రాలు. కిందుగా వరసగా కనిపించే గీతలు మొప్పల చీలికలు. కళ్లు పైవైపున ఉంటాయి, వాటి వెనకే చిన్న బొక్కలుంటాయి. ఇసకలో పడుకున్నప్పుడు నోట్లోకి ఇసక పోకుండా ఆ బొక్కలతోనే నీళ్లు పీలుస్తుంది. పాప ఒక వేలు అద్దం మీద పెట్టి ఆ గీతలు లెక్కపెట్టింది, ఒక్కో పక్క ఐదు.

మా అత్తకు నచ్చింది క్లౌన్ ఫిష్. నారింజ రంగు, తెల్ల పట్టీలు, సీ అనిమోన్ అనే పువ్వులాంటి సముద్రజీవి వేళ్ల మధ్య దూరి ఆడుకుంటూ ఉంటాయి. ఆ వేళ్లు వేరే చేపలను కుడతాయి, వీటికి మాత్రం ఒంటిమీది జిగురే రక్ష. పుట్టినప్పుడు అన్నీ మగవేనని, గుంపులో పెద్దది ఆడదవుతుందని, అది చచ్చిపోతే దాని జత మగదే ఆడదిగా మారుతుందని చెప్పాను. "నిజమా?" అని రెండుసార్లు అడిగి, కొంగు సర్దుకొని మళ్లీ అద్దానికి దగ్గరగా వంగింది. అంతకుముందు ప్రతి తొట్టి దగ్గరా "ఇది తింటారా?" అని అడిగిన మనిషి, మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

అద్దాన్ని కొట్టనీయొద్దని పిల్లలకు ముందే గట్టిగా చెప్పండి. శబ్దం గాల్లో కంటే నీళ్లలో నాలుగింతలకు పైగా వేగంగా పోతుంది, చేపలు ఒంటి పక్కనుండే గీతతో ప్రతి కదలికనూ పసిగడతాయి. మా పక్కనే ఒకాయన ఉంగరం వేలితో టకటకా కొడుతుంటే లోపల చేపలన్నీ ఒక మూలకు పోయినాయి. ఫ్లాష్ కూడా ఆపేయండి. ఆదివారం వద్దు, మామూలు రోజు తలుపులు తీసే వేళకు పోతే అద్దం ముందు నిలబడే చోటు దొరుకుతుంది. లోపల ఏసీ చల్లగా ఉంటుంది, మీ చిన్నదానికి పొడుగు చేతుల చొక్కా పెట్టుకోండి.

ఇంటికొచ్చాక ఒకటి చూపించండి. మీ ఇంట్లో పరిచింది నాపరాళ్లే అయ్యుంటాయి. ఎర్రగుంట్ల, జమ్మలమడుగు వైపు తవ్వే ఆ సున్నపురాయి ఒకప్పుడు లోతులేని సముద్రం అడుగున పొరలు పొరలుగా పేరుకున్నదే. వేంపల్లె వైపు రాళ్లలోనైతే సూక్ష్మజీవులు కట్టిన పొరలు ముద్రల్లాగా నిలిచిపోయినాయి. అవి నూరు కోట్ల ఏళ్ల కంటే పాతవి, అప్పటికి చేపలే పుట్టలేదు. ఈ సంగతి చెప్పిన రోజు మా పాప బండ మీద నీళ్లు పోసి, బోర్లా పడుకొని చాలాసేపు చూసింది.

ఇంకోటి, మీ బాబు కొంచెం పెద్దయ్యాక జనవరి, ఏప్రిల్ మధ్యలో పోండి. ఆలివ్ రిడ్లీ తాబేళ్లు రాత్రిపూట చెన్నై ఒడ్డుకొచ్చి, ఒక్కోటి నూరు దాకా గుడ్లు పెట్టి పోయే కాలం అది. అక్కడి విద్యార్థుల బృందం ఒకటి 1980ల చివరినుంచీ నీలాంకరై, బీసెంట్ నగర్ మధ్య ఇసకలో నడిచి ఆ గుడ్లను కాపాడుతోంది, మామూలు జనాన్ని కూడా కొన్ని రాత్రులు వెంట తీసుకుపోతారు. నడక కిలోమీటర్ల కొద్దీ ఉంటుంది, మీ పాపకు ఇప్పుడే కుదరదు. మేం దసరాకు పోయాం కాబట్టి ఒక్క తాబేలూ కనపడలేదు. వచ్చే ఫిబ్రవరికి మా పాప ఇప్పటినుంచే క్యాలెండర్లో గీతలు పెడుతోంది.