అమ్మకు పాట వినిపించేటప్పుడు

అమ్మాయీ,

"అమ్మ నన్నే గుర్తుపట్టడం లేదు పెద్దమ్మా, పాటలు పెడితే మాత్రం ఏం లాభం" అన్నావు నిన్న. ఆ మాటకి రాత్రంతా నిద్ర పట్టలేదు. ఇదే మతిమరుపు జబ్బుతో ఉన్న మీ పెదనాన్నని ఎనిమిదేళ్లు చూసుకున్నదాన్ని, నాకు తెలిసింది రాస్తున్నాను.

పాటతో జబ్బు నయం కాదు, పోయిన జ్ఞాపకాలు తిరిగి రావు. ఆ ఆశ పెట్టుకుంటే రోజూ నువ్వే కుంగిపోతావు. కానీ మీ అమ్మ దిగులు కొంత తగ్గొచ్చు. అల్జీమర్స్ అనే ఈ మతిమరుపు జబ్బులో మిగతా మెదడు దెబ్బతిన్నా, పాటల్ని గుర్తుంచుకునే భాగాలు చాలావరకు నిలిచి ఉంటాయని 2015లో ఒక పరిశోధన సూచించింది. పిల్లల పేర్లు మరిచిపోయినవాళ్లు కూడా చరణం అందుకోవడం నేను కళ్లారా చూశాను.

"పాత పాటలు" అని ఫోన్‌లో ఏవి దొరికితే అవి పెట్టకు. చాలామందికి 10 నుంచి 30 ఏళ్ల వయసులో విన్నవే ఎక్కువ గట్టిగా నాటుకుంటాయి. మీ అమ్మ ఆ వయసులో ఉన్నప్పుడు వచ్చిన పాటలు వెతుకు. మేమిద్దరం కలిసి పాడుకున్నవి విడిగా రాసి పంపుతాను.

టీవీ ఆపెయ్. చెవి మిషన్ పెట్టుకుందో లేదో చూడు. పాటలు ముందే డౌన్‌లోడ్ చేసి పెట్టుకో, మధ్యలో ప్రకటన మోగిందంటే అదిరిపడుతుంది. వెనక నుంచి కాదు, ఎదురుగా కూర్చో. "ఇది ఎవరు పాడారు, ఏ సినిమా" అని మాత్రం అడగకు. అది ఆవిడకి పరీక్ష అవుతుంది.

నేను చేసిన తప్పు నువ్వు చెయ్యకు. మంచిదే కదా అని పొద్దున్నుంచి రాత్రిదాకా పాటలు మోగిస్తూనే ఉండేదాన్ని. మూడో రోజుకి ఆయన రెండు చెవులూ మూసుకుని గదంతా తిరగడం మొదలుపెట్టారు. నోటితో చెప్పలేక చేతులతో చెప్పారు పాపం. తర్వాత అరగంటకి మించి పెట్టలేదు. చీకటి పడే వేళకి ఆయనకి అస్థిమితం ఎక్కువయ్యేది, అందుకని దానికి కాస్త ముందే మొదలుపెట్టేదాన్ని. స్నానానికి తీసుకెళ్లేటప్పుడు రోజూ ఒకటే పాట కూనిరాగం తీసేదాన్ని. కొన్నాళ్లకి ఆ రాగం వినగానే ఆయనే లేచేవారు.

ఏదో ఒక పాటకి ఏడుస్తుంది. కంగారుపడకు. నీ చెయ్యి పట్టుకుంటే పక్కనే కూర్చో. చెయ్యి విదిలించుకుంటేనో, పిడికిలి బిగిస్తేనో వెంటనే ఆపి, ఆ పాట జాబితాలోంచి తీసెయ్.

ఇక నువ్వడిగిన లాభం సంగతి. ఒకరోజు పొద్దున "ఎవరండీ మీరు" అన్నారు మీ పెదనాన్న. ఏం చెప్పాలో తెలియక పక్కన కూర్చుని పాట ఎత్తుకున్నాను. పల్లవి అయ్యేలోపు ఆయన బొటనవేలు కుర్చీ చేతి మీద తాళం వేస్తోంది. చరణంలో ఒక మాట తప్పాను. వద్దన్నట్టు తల ఊపి, సరైన మాట అందించారు. ఆ తర్వాతా నేనెవరో ఆయనకి తెలియలేదు. కానీ ఆ పావుగంట ఇద్దరం ఒకే పాటలో ఉన్నాం. నాకది చాలింది.

ఆదివారం ఫోన్ చేసి స్పీకర్ ఆన్ చెయ్. మొదటిది నేనే పాడతాను. రెండో చరణం కావాలనే తప్పుతాను. చిన్నప్పుడు మీ అమ్మ దాన్ని సరిచెయ్యకుండా వదిలేది కాదు.

మీ పెద్దమ్మ