‘అలౌస్ టు’ రాసేముందు ఆగు అబ్బయా

అబ్బయా,

కావలి నుంచి నువ్వు పంపిన గణితం పేపర్ చదివాను. లెక్క బాగుంది, ముఖ్యంగా రెండో లెమ్మాలో (అసలు నిరూపణకు మెట్టుగా వాడే చిన్న ఫలితంలో) ఆ హద్దును పట్టుకున్న తీరు నాకు చాలా నచ్చింది, అందుకే భాష దగ్గర కాస్త గట్టిగా చెబుతున్నా. ‘లెమ్మా 2 అలౌస్ టు కంక్లూడ్ దట్ ఎఫ్ ఈజ్ బౌండెడ్’ అని రాశావు. అదే ముక్క ఒకచోట ‘పర్మిట్స్ టు’ అనీ, ఇంకోచోట ‘ఎనేబుల్స్ టు’ అనీ వేషం మార్చుకుని వచ్చింది. మూడూ తప్పే.

ఇంగ్లీషులో ఇలా ‘టు’తో ఇంకో క్రియను తగిలించేటప్పుడు, అలౌ పక్కన ఎవరిని అన్నది చెప్పి తీరాలి: ‘అలౌస్ అస్ టు కంక్లూడ్’, లేదంటే ‘అలౌస్ వన్ టు కంక్లూడ్’. మనకు ఆ లోటు కనపడదు. ‘ఈ లెమ్మాతో తేల్చేయొచ్చు’ అంటే తెలుగులో వాక్యం నిండుగానే ఉంటుంది, తేల్చేది ఎవరని ఎవరూ అడగరు. ఫ్రెంచి వాళ్ళకీ ఇదే ఇబ్బంది. ‘అలౌ’ అనే అర్థంలో వాళ్ళు వాడే ‘పెర్మే ద’ తర్వాత నేరుగా క్రియ వచ్చేస్తుంది కాబట్టి పేరున్నవాళ్ళ పేపర్లలో కూడా ఈ తప్పు దొర్లుతుంటుంది. అక్కడ చూశానని నువ్వు వాడొద్దు.

ఫార్మల్‌గా రాసేటప్పుడు ‘వుయ్’, ‘అస్’ రాకూడదని డిగ్రీలో ఎవరో చెప్పుంటారు, ఆ భయం కూడా నీలో ఉన్నట్టుంది. గణితంలో ఆ భయం అక్కర్లేదు. ఇక్కడ ‘వుయ్’ అంటే మేము కాదు, మనం. రాసేవాడూ చదివేవాడూ కలిసి నిరూపణలో ముందుకు పోతున్నారని అర్థం, ఒక్కడే రాసిన పేపర్లో కూడా అంతే.

అసలు చాలాచోట్ల ఆ క్రియే అక్కర్లేదు. ‘బై లెమ్మా 2, ఎఫ్ ఈజ్ బౌండెడ్’ అంటే సరిపోయె! తిక్కన తిరిగిన ఊరు మనది, పొదుపుగా రాయడం మనకు పరాయి విద్య కాదు. కానీ ‘అస్’ ఒక్కటి కోసేస్తే అది పొదుపు కాదు, వాక్యం కుంటుతుంది.

అలాగని ఫైండ్ అండ్ రీప్లేస్ కొట్టి అన్నిచోట్లా ‘అస్’ దూర్చేయకు. ‘ఇట్ సఫైసెస్ టు షో’ ఉన్నదున్నట్టు సరైనదే, ‘హెల్ప్స్ టు ప్రూవ్’ కూడా. ‘వుయ్ అలౌ ఎన్ టు బి జీరో’లో అలౌ పక్కన ఎన్ ఉంది గనక అదీ సరే. ‘లెట్’ మాత్రం ‘టు’ను దగ్గరికి రానివ్వదు, ‘దిస్ లెట్స్ అస్ కంక్లూడ్’ అనాలి. నాలుగో పేజీలో ‘లెట్ ఎక్స్ ఈజ్’ అని పడింది, అది ‘లెట్ ఎక్స్ బి’. ‘ఈజ్’ కావాలంటే ‘సపోజ్’తో మొదలుపెట్టు.

జర్నల్‌కు పంపేముందు నాకోసారి పంపు. జర్నల్ తరఫున పేపర్‌ను పరిశీలించే రిఫరీ మొదటి పేజీలోనే ఇలాంటివి రెండు చూశాడంటే నీ నిరూపణను కూడా అనుమానంగానే చదవడం మొదలెడతాడు, అంత మంచి లెమ్మాకు ఆ గతి పట్టడం నాకిష్టం లేదు.

నీ సారు,
నెల్లూరు