వాక్యం చెప్పనివ్వకుండా "తగ్గించుకో" అంటుంటే ఊరుకోవాలా?

బైబిల్ ట్రైనింగ్ అయ్యి ఏడాదైనా చర్చిలో జంపఖానాలు పరచడం, మైక్ సెట్ మోయడమే మీకు మిగిలిందని, ప్రసంగం చేసి వాక్యం చెప్తానంటే పాస్టర్ గారు "తగ్గించుకో", అంటే అణకువగా ఉండు, అంటున్నారని రాశారు. బ్రదర్, జంపఖానాలు పరచడం కూడా పరిచర్యే, అందులో అనుమానం లేదు. కానీ అడగకుండా నోరు మూసుకోవడం తగ్గింపు కాదు.

మాది నాగర్‌కర్నూల్ దగ్గర పల్లె. పాలమూరు వలసల సంగతి మీకు తెలిసిందే. వయసులో ఉన్నోళ్లు బొంబాయి, పుణె, హైదరాబాద్ పోతే ఇళ్లలో ముసలోళ్లే మిగులుతారు. మా సంఘ పెద్ద ఒకాయనకు వాళ్లే పరిచర్య. పింఛన్లు ఇచ్చే రోజు పోస్టాఫీసు దగ్గర ఆయన వెంట నేనూ కూర్చునేవాణ్ణి. పత్తి ఏరి, కలుపు తీసి అరిగిపోయిన వేళ్లాయె, వేలిముద్ర మిషన్ మీద ముద్ర పడేది కాదు. ఆయన ఒక్కో అవ్వ చేతిని సబ్బుతో కడిగించి, తన తువ్వాలతో తుడిచి, "ఇంకో వేలు పెట్టి చూడు బిడ్డా" అని పోస్టుమ్యాన్‌ను బతిమాలేవాడు. పడకపోతే మళ్లీ రేపు. ఆ అవ్వల్లో చాలామంది మా చర్చి వాళ్లు కూడా కాదు. ఆయన ప్రసంగం మాత్రం, నిజం చెప్పాలంటే, కొంచెం బోరే!

మన దిక్కు సంఘాలు కూడా ఇట్లాంటి పనులతోనే నిలబడ్డాయి. మెన్నోనైట్ బ్రదరన్ అనే క్రైస్తవ మిషనరీ సంస్థ డాక్టరమ్మ కేథరినా షెల్లెన్‌బర్గ్ 1907లో వచ్చి, 1945లో చనిపోయేదాకా ఇక్కడి రోగులకు వైద్యం చేశారు.

అయితే మా సంఘ పెద్దాయన చర్చి కానుకల దగ్గర మాత్రం అస్సలు మెత్తబడడు. ఆరాధన అవ్వగానే ఇద్దరు లెక్కపెట్టాలి, ఇద్దరూ పుస్తకంలో సంతకం పెట్టాలి. "దేవుని సొమ్ముకు లెక్కేంది" అని ఎవరో అంటే, "దేవునిదనే కదా లెక్క" అన్నాడు. పౌలు కూడా యెరూషలేముకు చందా పంపేటప్పుడు తన మీద మాట రాకుండా తోటి సేవకుడు తీతుతో పాటు వేరే సహోదరుల్ని పంపాడు. బైబిల్లో రెండో కొరింథీ 8లో చూడండి.

యోహాను సువార్త 13 చెప్పేటప్పుడు చాలామంది యేసు శిష్యుల కాళ్లు కడగడం దగ్గరే ఆపేస్తారు. కడిగి కూర్చున్నాక యేసు, మీరు నన్ను బోధకుడని, ప్రభువని పిలవడం సరైనదే అన్నాడు. 18వ అధ్యాయంలో ప్రధాన యాజకుని ముందు బంట్రౌతు (భటుడు) కొడితే, ఎందుకు కొట్టావని అడిగాడు కూడా.

ఆదివారం హడావిడిలో కాకుండా వారం మధ్యలో పాస్టర్ గారిని ఒంటరిగా కలవండి. నాలో లోటేమిటి, ఇళ్లలో పెట్టుకునే కాటేజ్ ప్రార్థనలోనైనా ఎప్పుడు అవకాశమిస్తారు అని సూటిగా అడగండి. లోటు చెప్తే దిద్దుకోండి. కారణం చెప్పకుండా మళ్లీ "తగ్గించుకో" అంటే సంఘ పెద్దల ముందు పెట్టండి. పెద్దలూ తేల్చకపోతే వేరే సంఘం చూసుకోవడం తిరుగుబాటేమీ కాదు.

ఈలోపు జంపఖానాలు మాత్రం మానకండి. మీరు మానేస్తే, పొద్దున్నే ఇంటి పనంతా చేసుకుని వచ్చిన ఏ అక్కో వాటిని పరవాల్సి వస్తుంది.