చార్మినార్ పక్క గల్లీల్లో కొనడం తక్కువ, చేయించుకోవడం ఎక్కువ

"చార్మినార్ చుట్టుపక్కల పాత దుకాణాలు, వీధి సందడి ఒకప్పుడు ఎలా ఉండేవి? ఇప్పుడు వెళ్తే ఏం మిగిలింది?" అన్నది ప్రశ్న.

దీనికి వచ్చే జవాబులన్నీ బిర్యానీతో మొదలై ముత్యాల దగ్గర ఆగిపోతాయి. ఆ రెండూ ఇప్పుడు హైటెక్ సిటీలోనూ దొరుకుతాయి, వాటికోసం మూసీ దాటి రానక్కర్లేదు. పాతబస్తీ బజారుకు ప్రాణం వేరే చోట ఉండేది. దుకాణం గడప మీదే ఒక కుంపటో, దాగలో, సుత్తో కనిపించేది. మీ చేతి కొలతకు, మీ గిన్నె లోతుకు, మీ పెళ్లి తేదీకి తగ్గట్టు అక్కడే పనిచేసి ఇచ్చే మనిషి ఉండేవాడు. సరుకు అట్టపెట్టెల్లో దిగడం మొదలయ్యాక తగ్గిపోయింది ఆ మనుషులే. గోడలు, కమాన్లు ఎక్కడివక్కడే ఉన్నాయి.

గోడల మాట వచ్చింది కాబట్టి ఒకటి. గుల్జార్ హౌజ్, చార్ కమాన్ దాటి మదీనా కూడలి వైపు నడిస్తే వచ్చే పత్తర్‌గట్టి రాతి దుకాణాలను చూపించి "కుతుబ్‌షాహీల నాటివి" అని చెప్పేవాళ్లు బోలెడుమంది. చార్మినార్ 1591 నాటిది, నిజమే. పత్తర్‌గట్టి మాత్రం 1908 మూసీ వరద తర్వాత, 1912లో పెట్టిన సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు చలవ. ఊళ్లో గైడ్లకు 300 ఏళ్లు అటూ ఇటూ అయినా పట్టింపు ఉండదు.

ఇక లాడ్ బజార్. చార్మినార్ నుంచి పడమటికి చీలి మహబూబ్ చౌక్ గడియార స్తంభం వైపు వెళ్లే వీధి. లక్క గాజు ఎలా తయారవుతుందో తెలియకుండా అక్కడ బేరమాడితే మోసపోవడం ఖాయం. అందుకే ఇది కాస్త వివరంగా రాస్తున్నాను.

ముడి లక్కను సన్నని సెగ మీద కరిగించి రోజనం (చెట్టు బంక), తెల్లపొడి, రంగు కలిపి ముద్ద చేస్తారు. ఆ ముద్దను కర్ర కొసకు పట్టించి బొగ్గుల కుంపటి మీద తిప్పుతుంటారు. బొగ్గు కణకణలాడి పైన బూడిద పొర పట్టేదాకా చేయి పెట్టరు. సగం రాజుకున్న బొగ్గు పొగ తగిలితే లేత రంగులు మసిబారతాయి. గులాబీ, తెలుపు గాజుల్లో ఈ లోపం ఇట్టే తెలిసిపోతుంది. ముద్ద మెత్తబడ్డాక చెక్క పలకతో దొర్లించి పుల్లలా సాగదీస్తారు. ఇత్తడి లేదా అల్యూమినియం చట్రం ఉన్న గాజైతే ఈ పుల్లను వేడి మీదే చట్రానికి అద్దుతారు. చట్రం లేని ఉత్త లక్క గాజైతే పుల్లను చుట్టి, కొసలు సెగకు చూపి అతికి, ఒక చివర సన్నగా ఇంకో చివర లావుగా ఉండే చెక్క గూటానికి తొడిగి గుండ్రం సరిచేస్తారు.

తర్వాత రాళ్ల పని. అసలు నేర్పంతా ఇక్కడే. గాజును మళ్లీ సెగకు చూపించి, పైపొర మెత్తబడిన ఆ కాసేపట్లో అద్దపు రాళ్లను ఒక్కొక్కటే పెట్టి నొక్కాలి. వేడి ఎక్కువైతే లక్క ఉడికి బుడగలు లేస్తాయి, రాయి లోపలికి మునిగి మెరుపు చచ్చిపోతుంది. తక్కువైతే రాయి పైపైన కూర్చుంటుంది. కొన్నరోజు బాగానే ఉంటుంది, ఇంకో పెళ్లికి వేసుకెళ్లేసరికి వరసలో పళ్లూడినట్టు ఖాళీలు కనిపిస్తాయి. కొనేముందు గోటితో రాయి అంచు తడమండి. గోరు అడుక్కి దూరితే అది నిలిచే రాయి కాదు. లక్క రాయి నడుము దాకా ఎక్కి పట్టుకుని ఉండాలి. రాయి చుట్టూ అద్దంలా మెరిసే పలచని గీత కనిపిస్తే జిగురుతో అంటించిందని అర్థం. అలాంటివీ పక్కపక్కనే పెట్టి లక్క గాజుల ధరకే అమ్ముతారు.

సైజుల విషయంలో జనం చేసే పొరపాటు చూస్తే నవ్వాలో ఏడవాలో తెలియదు. 2.10 అంటే 2.2 కన్నా చిన్నదనుకుని కొనేస్తారు. ఇది దశాంశం లెక్క కాదు. గాజు లోపలి వ్యాసం అంగుళాల్లో, అంగుళానికి 16 భాగాలు, రూపాయికి 16 అణాల్లాగే. 2.4 అంటే రెండుంబావు అంగుళాలు, 2.8 అంటే రెండున్నర, 2.10 అంతకన్నా పెద్దది. ఇంట్లోనే కొలుచుకోవాలంటే బొటనవేలిని చిటికెన వేలి వైపు మడిచి, అరచెయ్యి బాగా వెడల్పుగా ఉన్న చోట, అంటే మెటికల దగ్గర, దారం చుట్టి స్కేలు మీద పెట్టి చూడండి. 17 సెంటీమీటర్లు వస్తే 2.2, 18 అయితే 2.4, 19కి 2.6, 20కి 2.8, 21కి 2.10. ఒక్కో సైజుకు ఒక్క సెంటీమీటరు తేడా, అంతే. మణికట్టు కొలత తెచ్చేవాళ్లున్నారు, అది దేనికీ పనికిరాదు. గాజు దాటాల్సింది మెటికలను.

మట్టి గాజులైతే చేయి పిసికి, సబ్బు రాసి, ఒక సైజు తక్కువవి కూడా ఎక్కించేస్తారు. వీటిలో చాలావరకు ఉత్తరప్రదేశ్‌లోని ఫిరోజాబాద్ నుంచి వచ్చే సరుకే. లక్క గాజుకు ఆ బలవంతం చెల్లదు, చిట్లుతుంది. ఉత్త లక్క గాజు సైజు చాలకపోతే కోసి, ముక్క కలిపి, మళ్లీ అతికి ఇవ్వగలరు. లోహపు చట్రం ఉన్నదాన్ని ఎవరూ పెంచలేరు. "పెంచి ఇస్తాం, సాయంత్రం రండి" అన్నారంటే లోపలి నుంచి వేరే గాజు తెచ్చి ఇస్తారన్నమాట.

ఇంటికి తెచ్చాక కూడా జాగ్రత్త కావాలి. లక్క 65, 70 డిగ్రీల దగ్గర మెత్తబడుతుంది. మే నెలలో ఎండలో ఆపిన కారు డాష్‌బోర్డు మీద పెట్టి వెళ్తే డజను గాజులూ ఒకే ముద్దగా అతుక్కుంటాయి. తడి తగిలితే వెంటనే తుడవాలి. రెండు గాజుల మధ్య పలచని గుడ్డ వేసి నిలువుగా పెడితే రాళ్లు ఒరుసుకోవు.

2024లో హైదరాబాద్ లక్క గాజులకు జీఐ, అంటే భౌగోళిక గుర్తింపు వచ్చింది. సంతోషమే. కానీ ఇంటి దగ్గర కూర్చుని డజను లెక్కన కూలికి రాళ్లు పొదిగే ఆడవాళ్ల పేర్లు ఏ పెట్టె మీదా ఉండవు. గుర్తింపు అట్టపెట్టెకే వచ్చిందని నా అభిప్రాయం.

కళాయి సంగతి చెప్పకుండా ఈ జవాబు ముగించలేను. రాగి, ఇత్తడి గిన్నెల్లో పులుపు వండితే చిలుము పడుతుంది, అందుకే లోపల తగరం పూత, అదే కళాయి. పెళ్లిళ్ల ముందు, రంజాన్ ముందు వంటవాళ్ల డేగులన్నీ, అంటే పెద్ద వంటపాత్రలన్నీ, కళాయికి వరస కట్టేవి. నేలలో జానెడు గుంట, అందులో బొగ్గు, పక్కన తిత్తి లేదా చేత్తో తిప్పే పంకా. గిన్నెను ముందు కాస్టిక్ సోడా నీళ్లతో జిడ్డు పోగొట్టి, ఇసుకతో తోమాలి. తర్వాత పట్టకారుతో పట్టి సెగ మీద తిప్పుతూ, బాగా కాగాక నవాసాగరం పొడి చల్లుతారు. బజారులో దాన్నే నౌసాదర్ అంటారు. గుప్పున తెల్లపొగ లేస్తుంది, ముక్కు పుటాలు అదిరిపోతాయి. దూదితో ఒక్కసారి రుద్దగానే లోపలి మసి పోయి ఎర్రటి రాగి బయటపడుతుంది. ఇక ఆలస్యం చేయకూడదు. తగరం కడ్డీని అక్కడక్కడ తాకించాలి. 232 డిగ్రీలకే కరుగుతుంది కాబట్టి వెన్నలా జారుతుంది. దూదిని గుండ్రంగా తిప్పుతూ అడుగు నుంచి అంచు దాకా పరిచి చన్నీళ్లలో ముంచేస్తారు. చిన్న గిన్నెకు ఇదంతా నాలుగైదు నిమిషాల పని.

చెడేది ఎక్కడంటే, నౌసాదర్ చల్లాక జాప్యం చేస్తే రాగికి మళ్లీ మసి పట్టి ఆ చోట తగరం అంటదు, మచ్చలు మిగులుతాయి. సెగ చాలకపోతే గింజలు గింజలుగా ఉండిపోతుంది. మరీ మండిస్తే పూత పసుపు తిరుగుతుంది. వీటన్నిటికన్నా భయపడాల్సింది సీసం కల్తీకి. తగరం ఖరీదెక్కువ కాబట్టి చౌకబారు కడ్డీల్లో సీసం కలుపుతారు. కడ్డీని తెల్ల కాగితం మీద గీయమనండి. ముదురు బూడిదరంగు గీత పడితే గిన్నె వెనక్కి తీసుకోండి. స్వచ్ఛమైన తగరం కడ్డీని చెవి దగ్గర పెట్టి వంచితే కిరకిరమని చప్పుడు చేస్తుంది, సీసం కలిస్తే ఆ చప్పుడు పోతుంది. పూత వేయించిన గిన్నెను ఖాళీగా పొయ్యి మీద పెట్టకండి, స్టీలు పీచుతో తోమకండి. "ఏడాది కూడా నిలవలేదు" అని గోలపెట్టే ఇళ్లలో ఈ రెండూ జరుగుతాయి, తిట్లు మాత్రం కళాయివాడికి.

వరఖ్, అంటే మిఠాయి మీద అద్దే వెండి రేకు, కొట్టే సుత్తి చప్పుడు కూడా ఈ గల్లీలదే. వెండి ముక్కలను పుటల మధ్య పెట్టి గంటల తరబడి బాదితే ఊదితే ఎగిరిపోయేంత రేకు వస్తుంది. పాత పద్ధతిలో ఆ పుటలు జంతువుల తోలుతో, పేగు పొరలతో చేసేవారు. 2016లో ఆహార భద్రతా సంస్థ ఆ పద్ధతిని నిషేధించింది. మిఠాయి మీద ఉన్నది వెండో అల్యూమినియమో తెలియాలంటే వేళ్ల మధ్య నలపండి. వెండి కనిపించకుండా కలిసిపోతుంది, అల్యూమినియం చిన్న ఉండలా చుట్టుకుంటుంది.

అత్తరు దుకాణాల్లో లెక్క తులాల్లో. తులం సీసా అంటే దాదాపు 12 మిల్లీలీటర్లు, పావు తులం 3. వరసగా పది రకాలు వాసన చూస్తే మూడోదాని తర్వాత ముక్కు పనిచేయదు. రెండే రకాలు, రెండు చేతుల వెనక రాయించుకుని బజారంతా ఒక చుట్టు తిరిగి రండి. అరగంట తర్వాత మిగిలిందే అసలు వాసన. జిడ్డు మాత్రమే మిగిలితే డబ్బులు మిగిలినట్టే.

ఇరానీ చాయ్ గురించి ఒక్క మాట, లేకపోతే కడుపుబ్బరం తగ్గదు. పాలు, నీళ్లు, పొడి, అల్లం అన్నీ ఒకే గిన్నెలో మరిగించి బయట "ఇరానీ" అని బోర్డు పెడుతున్నారు. ఇరానీ హోటల్లో డికాక్షన్ ఒకచోట, మూతపెట్టిన పాత్రలో సన్నని సెగ మీద అరగంట పైనే దమ్ అవుతుంది. పాలు ఇంకోచోట చిక్కబడేదాకా కాగుతూ ఉంటాయి. కప్పులో ముందు డికాక్షన్, మీద పాలు. పాలు ఎక్కువ కావాలంటే "పౌనా" అనాలి. అల్లం, యాలకులు అడగడం మానేయండి. ఫోన్లు పైకెత్తి వీడియో తీసుకుంటూ కౌంటరు ముందు అరగంట నిలబడటం కూడా మానేస్తే వెనకవాళ్లకు చాయ్ వేడిగా దొరుకుతుంది.

ఇప్పుడు వెళ్తే ఏం మిగిలింది అని కదా అడిగారు. పొద్దున్నే పురానీ హవేలీ వైపు పోతే నాలుగు మూలల నాన్ ఇంకా భట్టీ గోడకే కొడుతున్నారు. వెనకవైపు నీళ్లు తడిమి గోడకు అద్ది, కాలాక ఇనప చువ్వలతో ఊడదీస్తారు. నహారీతో (మాంసం పులుసుతో) తినాలంటే తొమ్మిది లోపే. లాడ్ బజార్‌లో 11 ముందు షట్టర్లే కనిపిస్తాయి. గాజులకైతే 11 నుంచి 3 లోపు వెళ్లండి, జాకెట్టు ముక్క వెంట తీసుకుని. దుకాణాల్లో దీపాల కింద ప్రతి ఎరుపూ మీ చీరకు సరిపోయినట్టే ఉంటుంది. గాజును, గుడ్డను రెండిటినీ వీధిలోకి తెచ్చి ఎండలో చూడనివ్వని దుకాణంలో కొనకండి. రంజాన్ చివరి పది రాత్రులు సందడి చూడటానికి బాగుంటుంది, సైజులు సరిచూసుకునే తీరిక మాత్రం ఎవరికీ ఉండదు. కారు తేవద్దు. మెట్రోలో ఎంజీబీఎస్ దాకా వచ్చి, నది దాటి, మదీనా మీదుగా పత్తర్‌గట్టి గుండా నడిస్తే అరగంట కూడా పట్టదు, గిన్నె చేతిలో ఉంటే ఆటో ఎక్కండి.